ఒకే చానల్‌లో రోజంతా అన్ని రకాల కార్యక్రమాలు: బీబీసీ టూ పద్ధతి 2027 తర్వాత కూడా కొనసాగాలా?

థేమ్స్‌గట్టు (చర్చ ప్రారంభం)

బ్రిటన్ ప్రజా ప్రసార సంస్థ బీబీసీకి ఆధారమైన రాయల్ చార్టర్ (రాజముద్రతో ఇచ్చే అధికార పత్రం) గడువు 2027 డిసెంబర్ 31తో ముగుస్తుంది. ఆ తరువాత టీవీ చూసే ఇళ్లు బీబీసీ కోసం కట్టే లైసెన్సు రుసుము ఉండాలా, ఉంటే ఎంత ఉండాలి అనే వాదనలు అంతటా వినిపిస్తున్నాయి గాని, ఆ డబ్బుతో నడిచే చానళ్ల స్వరూపం ఎలా ఉండాలన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. ఈ చర్చను ఆ ఒక్క విషయానికే పరిమితం చేయాలని నా మనవి. వార్తలు, పార్లమెంటు, తోటపని, క్విజ్, చరిత్ర, సంగీతం, హాస్యం, వీటన్నిటినీ ఒకే చానల్‌లో ఒకదాని వెంట ఒకటిగా ప్రసారం చేసే పద్ధతి కొనసాగాలా, లేక అన్నిటినీ బీబీసీ ఇంటర్నెట్ వేదిక ఐప్లేయర్‌లో ఉంచి, ఎవరికి కావలసింది వారు వెతుక్కుని చూసేలా ఏర్పాటు చేసి చానల్‌ను మూసివేయాలా?

బీబీసీ టూను ఉదాహరణగా తీసుకుంటున్నాను. పార్లమెంటు సమావేశాలు జరిగే శరత్కాలంలో ఒక సోమవారం ఆ చానల్ ఎలా నడుస్తుందో చూడండి. పొద్దున చాలా సేపు వార్తా చానల్ ప్రసారమే ఇందులోనూ వస్తుంది. మధ్యాహ్నం 12:15కు పొలిటిక్స్ లైవ్‌లో వేర్వేరు పార్టీల సభ్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటారు. ఆ తరువాత పాత వస్తువుల వేలాలు, ప్రకృతి చిత్రాలు, ప్రయాణాలు, వీటిలో చాలావరకు పునఃప్రసారాలు. సాయంత్రం ఆరింటికి హౌస్ ఆఫ్ గేమ్స్ అనే సరదా ఆట. 7:30కు మాస్టర్‌మైండ్, 8 గంటలకు ఓన్లీ కనెక్ట్, 8:30కు యూనివర్సిటీ చాలెంజ్, ఇలా మూడు క్విజ్‌లు వరుసగా వస్తాయి. తొమ్మిదికి ఒక డాక్యుమెంటరీ. 10:30కు వార్తల విశ్లేషణ న్యూస్‌నైట్.

నా వాదన అంతా ఈ వరుస మీదే ఆధారపడి ఉంది. 8:30కు విశ్వవిద్యాలయ విద్యార్థులు జవాబులు చెబుతుంటే చూడడానికి కూర్చున్నవారిలో ఎంతోమంది, తొమ్మిదికి వచ్చే డాక్యుమెంటరీ విషయం ఏమిటో ముందు తెలియకపోయినా, లేవకుండా చూస్తారు. అదే డాక్యుమెంటరీ ఐప్లేయర్‌లో ఒక చిన్న బొమ్మగా ఉంటే దాన్ని నొక్కేవారు ఆ విషయం మీద ఇప్పటికే ఆసక్తి ఉన్నవారే. ప్రజలందరి డబ్బుతో నడిచే సంస్థ చేయవలసిన పని తెలిసినవారికే మళ్లీ చెప్పడం కాదు.

దీనికి ఆ చానల్ చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. బీబీసీ టూ 1964లో మొదలైనప్పుడు దాని తొలి అధిపతి మైకేల్ పీకాక్ వారంలోని ఒక్కో రోజును ఒక్కో రకానికి కేటాయించారు. మంగళవారమంతా విద్యా కార్యక్రమాలే ఉండేవి. ‘వారానికి ఏడు ముఖాలు’ అని దానికి పేరు పెట్టారు. విద్య మీద ఆసక్తి లేనివారు మంగళవారం ఆ చానల్ వైపే చూడలేదు. కొద్ది నెలల్లోనే ఆ ప్రణాళికను విడిచిపెట్టవలసి వచ్చింది. 1965లో ఆ బాధ్యత స్వీకరించిన డేవిడ్ ఆటెన్‌బరో హయాంలో ప్రతి రాత్రీ అన్ని రకాలూ కలిసి రావడం స్థిరపడింది. 1969లో పాట్ బ్లాక్ పేరుతో స్నూకర్ పోటీలనూ, పాశ్చాత్య కళాచరిత్రను 13 భాగాల్లో చెప్పిన కెనెత్ క్లార్క్ సివిలైజేషన్‌నూ ప్రసారం చేసింది ఆ ఒక్క చానలే. ఒకటి బల్ల మీద రంగు బంతుల ఆట, మరొకటి ప్రార్థనాలయాల కుడ్యచిత్రాల కథ. అప్పటికి రెండేళ్లుగా ఉన్న రంగుల ప్రసారాన్ని రెండూ చక్కగా వాడుకున్నాయి. రకాలను విడదీసి ఓడిపోయి, కలిపి నెగ్గిన చానల్‌ను ఇప్పుడు మళ్లీ విడదీయాలనడం నాకు సబబుగా తోచడం లేదు.

లెక్కలమాస్టారు

థేమ్స్‌గట్టు గారూ, మీరు చెప్పిన చరిత్ర నిజమే గాని దాని నుంచి మీరు తీసిన నిర్ణయానికి నేను అంగీకరించలేను. 1964లో బ్రిటన్‌లో ఉన్నవి మొత్తం మూడు చానళ్లు. ప్రసారానికి తరంగాలు పరిమితం, కాబట్టి ఒకే చానల్‌లో అన్నిటినీ సర్దవలసి వచ్చింది. అవసరం కొద్దీ పుట్టిన ఏర్పాటును ఆదర్శంగా చూపడం న్యాయం కాదు. హైదరాబాదు దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో శుక్రవారం చిత్రలహరి కోసం ఎదురుచూస్తూ మనమంతా వ్యవసాయ కార్యక్రమాలు కూడా చూశాం. ఇష్టపడి చూడలేదు, మరో దారి లేక చూశాం. కేబుల్ వచ్చిన మరుక్షణం ఎంతమంది అక్కడే ఉండిపోయారో మీకూ తెలుసు.

ఇక డబ్బు సంగతి. 2025 ఏప్రిల్‌లో లైసెన్సు రుసుము ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఏ చానల్‌దైనా సరే, ఏ దేశానిదైనా సరే, ప్రత్యక్ష ప్రసారం చూస్తే ఈ రుసుము కట్టాలి. హైదరాబాదు నుంచి వచ్చే తెలుగు వార్తా చానల్‌ను ఇంటర్నెట్ ద్వారా ప్రసారమవుతున్న సమయంలోనే చూసే కుటుంబం, బీబీసీ ముఖం ఎన్నడూ చూడకపోయినా, కట్టవలసిందే. ఆ కుటుంబానికి సోమవారం రాత్రి క్విజ్ వెంట వచ్చే డాక్యుమెంటరీ ఏమి ఇస్తున్నది? వారి నుంచి తీసుకున్న డబ్బుకు జవాబు చెప్పగలిగే పద్ధతి ఒక్కటే: ఎవరు ఏమి చూశారో తెలిసే పద్ధతి, అంటే ఐప్లేయర్ వంటిది.

మూడో మాట. మీరు వర్ణించిన సోమవారాన్నే మళ్లీ చూడండి. పొద్దుటి భాగం వేరే చానల్‌కు నకలు. మధ్యాహ్నం పాత కార్యక్రమాలు. మీరు ప్రేమగా చెప్పిన వైవిధ్యం సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకే ఉంది. ఐదు గంటల కోసం రోజంతా ఒక చానల్‌ను నడపాలా? బీబీసీ కూడా 2022 మే నెలలో, రానున్న సంవత్సరాల్లో బీబీసీ ఫోర్‌నూ పిల్లల చానల్ సీబీబీసీనీ ప్రసార చానళ్లుగా నిలిపివేసే ఆలోచన ఉందని ప్రకటించింది. నేను ఆ దారిలో మరొక్క అడుగు వేయమంటున్నాను, అంతే.

రాత్రిడ్యూటీ

నేను వృద్ధుల సంరక్షణ గృహంలో నర్సుగా పనిచేస్తున్నాను. సిద్ధాంతాల జోలికి పోకుండా అక్కడ కనిపించేది మాత్రం చెబుతాను.

మా దగ్గర ఉన్నవారిలో చాలామందికి టెలివిజన్ అంటే యాంటెన్నాతో వచ్చే ఫ్రీవ్యూ. రిమోట్ మీద ఒకటి నొక్కితే బీబీసీ వన్, రెండు నొక్కితే బీబీసీ టూ. ఐప్లేయర్ కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలి. చేతులు వణికేవారికి, జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నవారికి అది గోడ. ‘ఎవరికి కావలసింది వారు ఎంచుకుంటారు’ అన్న వాక్యంలో ఎంచుకునే శక్తి అందరికీ ఒకే తీరుగా ఉందన్న ఊహ దాగి ఉంది. అది నిజం కాదు, లెక్కలమాస్టారు గారూ. మీరు నకలు అన్న పొద్దుటి వార్తలనూ, పాతవి అన్న మధ్యాహ్నపు వేలాలనూ చూసేవారు మా గదుల్లో ఉన్నారు. పాత ఇళ్లలో దొరికిన పింగాణీ పళ్లేనికి ఎంత ధర పలుకుతుందోనని ఒకరితో ఒకరు పందెం కట్టే మాటలే, కొందరు ఆ రోజంతా ఇతరులతో ఆడే మాటలు. ఒకే సమయంలో ఒకే కార్యక్రమం అన్ని గదుల్లో వస్తుంది కాబట్టే భోజనాల బల్ల దగ్గర దాని గురించి మాట్లాడుకోగలుగుతారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వినికిడి లేనివారి కోసం సంజ్ఞా భాషలో వచ్చే సీ హియర్ 1981 నుంచి బీబీసీలో ఉంది. నాకు వినికిడి లేనివారితో ఎలా మెలగాలో మొదట కొంత తెలిసింది ఆ కార్యక్రమం వల్లనే. దాని కోసం నేను వెతకలేదు, టీవీ పెట్టి ఉన్న సమయానికి అది వస్తూ ఉంది. అటువంటి కార్యక్రమం వినికిడి లేనివారికి ఎంత అవసరమో, వారి చుట్టూ ఉన్న మాబోటివారికి అంతకన్నా ఎక్కువ అవసరం. దాన్ని వేరే అరలో పెడితే అది వారికి మాత్రమే చేరుతుంది.

ఫ్రీవ్యూ ప్రసారాలు కనీసం 2034 వరకు ఉంటాయని ప్రభుత్వం హామీ ఇచ్చింది. మరి ఆ ప్రసారాల్లో చూడదగినవి ఏమీ మిగలకుండా చేస్తే ఆ హామీకి విలువ ఏముంది?

మిడ్‌లాండ్స్ తెలుగు

ఈ దేశానికి నేను చాలా కాలం క్రితం వచ్చాను. కనుక ‘అన్ని రకాలు’ అన్న మాట వినగానే నాకు మొదట వచ్చే సందేహం, ఆ అన్నిటిలో మనం ఉన్నామా అని.

1960లలో దక్షిణాసియా నుంచి వచ్చినవారి కోసం బీబీసీ హిందుస్తానీలో కార్యక్రమాలు మొదలుపెట్టింది. 1968లో వచ్చిన నయీ జిందగీ నయా జీవన్ బర్మింగ్‌హామ్ నుంచి తయారై ఏళ్ల తరబడి నడిచింది. అది వచ్చే వేళ ఆదివారం పొద్దున. మిగతా దేశం నిద్ర లేవని సమయం అది. పైగా తెలుగువారికి, తమిళులకు, మలయాళీలకు అందులో భాషాపరంగా చోటు లేదు. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష రాని ఆడవారికి ఆ హిందుస్తానీ ఇంగ్లిషు కన్నా పెద్దగా దగ్గరిదేమీ కాదు. కాబట్టి పాత రోజుల కార్యక్రమాల వరుస అందరినీ సమానంగా చూసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏది ఏ వేళకు వేస్తారన్నదే ఎవరికి ఎంత విలువ ఇస్తారో చెబుతుంది.

అయినా నేను చానల్‌ను మూయవద్దంటాను. కారణం చెబుతాను. 1990లో బీబీసీ టూ మన దూరదర్శన్ మహాభారతాన్ని ఇంగ్లిషు ఉపశీర్షికలతో ప్రసారం చేసింది. 1990ల మొదట్లో బీబీసీది కాని మరో చానల్, చానల్ ఫోర్, కబడ్డీ పోటీలు చూపించింది. మనం ఇసుకలో గీత గీసి ఆడుకున్న చెడుగుడును ఇంగ్లండులో అడుగుపెట్టాక టెలివిజన్‌లో చూస్తానని నేను ఎన్నడూ అనుకోలేదు. మా వీధిలోని ఇంగ్లిషువారు ఆ రెండూ చూశారు. భీష్ముడు పెళ్లి ఎందుకు చేసుకోలేదని నన్ను అడిగారు, కూత పెట్టే ఆటగాడు ఊపిరి ఎలా ఆపుకుంటాడని మా అబ్బాయిని అడిగారు. ‘భారతీయ పురాణ ధారావాహికలు’ అన్న పేరుతో ఒక అర ఉండి ఉంటే వారు దాన్ని తెరిచేవారా? బంతిలో కూర్చున్నప్పుడు ఎప్పుడూ రుచి చూడని కూర కూడా విస్తట్లో పడుతుంది, పడ్డాక తిని చూస్తాం. సమ్మిళిత చానల్ చేసేది అదే.

చానల్ ఫోర్ ఆ పని చేయడానికి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గమనించాలి. 1982 నవంబర్ 2న మొదలైన ఆ చానల్‌కు మొదటి పదేళ్లు ప్రకటనల ఆదాయంతో నడిచే ఐటీవీ చానల్ సంస్థల నుంచి డబ్బు వచ్చేది. తన ప్రకటనలను తాను అమ్ముకోవడం 1993లో మొదలైంది. చట్టం దాని మీద పెట్టిన షరతు, ఐటీవీ పట్టించుకోని అభిరుచులకు చోటు ఇవ్వాలని. డబ్బు ఒక చోట ఖాయంగా వస్తూ, కొత్తదనం చూపే బాధ్యత మరో చోట రాతపూర్వకంగా ఉన్నప్పుడు చెడుగుడు కూడా తెర మీదకు వచ్చింది. నేను కోరేది ఆ రాతపూర్వక బాధ్యత.

ఇద్దరు పిల్లల తల్లి

థేమ్స్‌గట్టు గారు చెప్పిన చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం రాలేదు. బీబీసీ టూ 1964 ఏప్రిల్ 20 రాత్రి ఆర్భాటంగా మొదలు కావలసి ఉంది. బాటర్‌సీ విద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి పశ్చిమ లండన్‌లో కరెంటు పోవడంతో ఆ రాత్రి అనుకున్నవేవీ జరగలేదు. మర్నాడు పొద్దున 11 గంటలకు ఆ చానల్ ప్రేక్షకులకు అందించిన మొదటి కార్యక్రమం ప్లే స్కూల్, అంటే బడికి ఇంకా వెళ్లని పసిపిల్లల కార్యక్రమం.

ఇవాళ అదే చానల్‌లో పిల్లలకు రోజువారీ చోటు లేదు. 2012 చివర బీబీసీ వన్ నుంచి, 2013 మొదట్లో బీబీసీ టూ నుంచి పిల్లల కార్యక్రమాలను పూర్తిగా తీసేసి, 2002లో వచ్చిన సీబీబీసీ, సీబీబీస్ చానళ్లకు పరిమితం చేశారు. పిల్లలకు దానివల్ల ఎక్కువ గంటలు దొరికాయి, అది మేలే. నష్టపోయింది పెద్దవాళ్లు. 1958 నుంచి వస్తున్న పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్ ఒకప్పుడు సాయంత్రం ఇంటికి చేరుకునే పెద్దలు కూడా దారిన పోతూ చూసే కార్యక్రమం. తమ పిల్లలు ఏమి చూస్తున్నారో, దేనికి నవ్వుతున్నారో ప్రత్యేకంగా కనుక్కోవలసిన అవసరం ఉండేది కాదు. విడివిడి చానళ్లలో, ఆ తరువాత విడివిడి తెరల్లో, ఇప్పుడు చెవులకు పెట్టుకున్న విడివిడి హెడ్‌ఫోన్లలో ఆ కలయిక పోయింది. ప్రేక్షకులను రకాలుగా విడదీస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి 2027 దాకా ఆగనక్కరలేదు, పిల్లల విషయంలో ఇప్పటికే జరిగింది.

అందుకే లెక్కలమాస్టారు గారిని ఒకటి అడుగుతున్నాను. 2021 జనవరిలో కోవిడ్ వల్ల బడులు మళ్లీ మూతపడినప్పుడు బీబీసీ ప్రాథమిక తరగతుల పాఠాలను సీబీబీసీలోనూ, ఉన్నత తరగతుల వారికి ప్రతి పనిదినం కనీసం రెండు గంటల పాఠ్య కార్యక్రమాలను బీబీసీ టూలోనూ ప్రసారం చేసింది. పాఠాలు ఇంటర్నెట్‌లో కూడా ఉన్నాయి. అయినా ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, డేటా కొనుక్కోలేని కుటుంబాల పిల్లలు ఉన్నారు కాబట్టే టెలివిజన్ కావలసి వచ్చింది. ఏ ఒక్క విషయానికో కట్టుబడని చానల్ చేతిలో ఉన్నందువల్లనే రెండు గంటలు తీసి పిల్లలకు ఇవ్వగలిగారు. అటువంటి అవసరం మళ్లీ వస్తే ఏ చానల్‌లో ఆ చోటు దొరుకుతుంది?

లెక్కలమాస్టారు

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను.

రాత్రిడ్యూటీ గారి వాదనలో బలం ఉంది. ఇంటర్నెట్ లేనివారిని వదిలేసి చానల్‌ను మూయమని నేను అనను. ఆ సమస్యకు గడువు పెట్టుకుని, ప్రతి ఇంటికీ ఇంటర్నెట్ అందించి, వాడడం సులువు చేసి, ఆ తరువాతే మూయాలి. బడి పాఠాల విషయం అత్యవసర స్థితి. అత్యవసరానికి ఒక ప్రసార మార్గాన్ని సిద్ధంగా ఉంచుకోవడానికీ, రోజూ ఇరవై గంటలు దాన్ని నింపడానికీ తేడా ఉంది.

కాని ‘విడదీస్తే నష్టం’ అన్న వాదనకు ఎదురు సాక్ష్యం కూడా ఉంది. ఇంటి నుంచే చదువుకునే వీలు కల్పించే ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు 1971 నుంచి బీబీసీలో తెల్లవారుజామునా, అర్ధరాత్రి దాటాకా వచ్చేవి. 2006 డిసెంబర్‌లో ఆ ప్రసారాలు ఆగిపోయాయి. ఎవరైనా నష్టపోయారా? విద్యార్థి తనకు వీలైన వేళలో, ఆపి మళ్లీ చూసుకోగలిగే రూపంలో పాఠం అందుకున్నాడు. తెల్లవారుజామున లేవవలసిన బాధ తప్పింది. సమయానికి కట్టిపడేసే పద్ధతి ఎవరికి హాని చేసిందో కూడా గుర్తుంచుకోవాలి. సాయంత్రం షిఫ్టు చేసే డ్రైవరు, రాత్రి వంటగదిలో పనిచేసేవాడు, వీరికి సోమవారం 8:30 అన్నది ఎన్నడూ అందని వేళ. చానల్ వరుస అందరిదీ అంటున్నారు. తొమ్మిది నుంచి ఐదు వరకు పనిచేసి ఇంటికి వచ్చి కూర్చునే కుటుంబం కోసం తయారైన వరుస అది.

నా ప్రతిపాదన స్పష్టంగా చెబుతాను. బీబీసీలో ఈ కార్యక్రమాలను ఎంచి, వరుసలో పేర్చే సంపాదకులు ఉన్నారు కదా, వారు అదే పనిని ఐప్లేయర్‌లో చేయవచ్చు. క్విజ్ ముగియగానే దాని వెంట డాక్యుమెంటరీ దానంతట అదే మొదలయ్యేలా పెట్టవచ్చు. మీరు కోరే కలయిక దొరుకుతుంది, చూసేవాడికి సమయం మీద స్వేచ్ఛ ఉంటుంది.

థేమ్స్‌గట్టు

మాస్టారూ, షిఫ్టుల్లో పనిచేసేవారి గురించి మీరన్నది పూర్తిగా నిజం. 2007 డిసెంబర్‌లో ఐప్లేయర్ వచ్చినందుకు నేను కూడా సంతోషించినవాడినే. రెండూ ఉండాలన్నది నా పక్షం. ఒకదాన్ని చూపి రెండోదాన్ని తీసేయాలన్నదే మీ ప్రతిపాదన కాబట్టి దానికి జవాబు చెబుతాను.

ఓపెన్ యూనివర్సిటీ ఉదాహరణ మీకు అనుకూలంగా కనిపిస్తుంది గాని సగమే. నమోదైన విద్యార్థికి ఇంటర్నెట్ మేలు చేసింది, సందేహం లేదు. కాని తెల్లవారుజామున నిద్ర పట్టక టీవీ పెట్టి, నల్లబల్ల ముందు నిలబడి గణితం చెప్పే అధ్యాపకుడిని చూసి, ‘నేనూ చదవగలనేమో’ అనుకున్న శ్రామికుడికి ఆ తలుపు మూసుకుపోయింది. విద్యార్థి కానివాడు విద్యార్థి అయ్యే మార్గం అది. ఆ విశ్వవిద్యాలయం కూడా ఈ సంగతి గ్రహించి, సముద్ర జీవుల మీద తీసిన బ్లూ ప్లానెట్ టూ వంటి ప్రజాదరణ గల కార్యక్రమాల తయారీలో బీబీసీతో చేతులు కలిపి, ప్రధాన వేళల్లో తెర మీద నిలిచింది. విడిగా ఉంటే సరిపోదని అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

బీబీసీ త్రీ సంగతి కూడా మీరు వదిలేశారు. 2016 ఫిబ్రవరిలో దాన్ని ప్రసార చానల్‌గా మూసి, ఇంటర్నెట్‌కు మార్చారు. అది యువత చూసే చానల్, కొత్త పద్ధతికి అందరికంటే ముందు అలవాటు పడవలసినవారు వాళ్లే. 2022 ఫిబ్రవరి 1న బీబీసీ దాన్ని మళ్లీ ప్రసార చానల్‌గా తెరిచింది. మూసిన సంస్థే తిరిగి తెరిచింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఐప్లేయర్‌లో కలయికను సంపాదకులు పేరుస్తారన్నారు. అయితే ఆ తెర మీ ఇంట్లో ఒకలా, మా ఇంట్లో మరోలా కనిపిస్తుంది, నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ చూడవలసినవి ముందుకు వస్తాయి. నాకు ఏమి చూపలేదో నాకు తెలియదు. మీకు ఏమి చూపలేదో నేను చెప్పలేను. చానల్ వరుస అలా కాదు. అది ముందే ప్రకటించిన, అందరికీ ఒకటే అయిన, ఎవరైనా చూసి ప్రశ్నించగల పత్రం. మిడ్‌లాండ్స్ తెలుగు గారు నయీ జిందగీ నయా జీవన్‌ను ఆదివారం పొద్దుటికి నెట్టారని ఇన్నేళ్ల తరువాత కూడా వేలెత్తి చూపగలిగారంటే, ఆ నిర్ణయం కాగితం మీద అందరికీ కనిపించేలా ఉన్నందువల్లనే. అదే అన్యాయం ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా పేర్చిన తెరలో జరిగితే ఎవరు పట్టుకుంటారు? 2017 నుంచి బీబీసీని పర్యవేక్షిస్తున్న నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఏ చానల్‌లో ఏ రకానికి కనీసం ఎన్ని గంటలు ఇవ్వాలో షరతులు పెట్టగలుగుతున్నదంటే, లెక్కపెట్టడానికి గంటలు ఉన్నాయి కాబట్టి.

మరొక సంఘటన చెబుతాను. 1988 నవంబర్ 1న బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దేశ ప్రజలను ఆ ఒక్క రోజు టెలివిజన్‌లో తాము చూసినదాని గురించి దినచర్య రాసి పంపమని కోరింది. వేలాది మంది రాశారు. గృహిణులు, ఖైదీలు, బడిపిల్లలు, టెలివిజన్ పరిశ్రమలో పనిచేసేవారు, అందరూ ఒకే రోజు, అవే చానళ్ల గురించి రాశారు. ఒకరు మెచ్చినదాన్ని మరొకరు తిట్టారు. అలా మెచ్చుకోవడానికీ తిట్టుకోవడానికీ ఎదురుగా ఒకే వస్తువు ఉంది. ఇవాళ అటువంటి దినచర్య రాయిస్తే ఎవరి జాబితా వారిదే అవుతుంది, ఒకరి అభిప్రాయానికి ఇంకొకరు జవాబు చెప్పే వీలు ఉండదు.

లెక్కలమాస్టారు

అందరికీ కనిపించే వరుస ఉంటే జవాబుదారీతనం పెరుగుతుందన్న మీ మాటను కాదనలేను. ఇంతకుముందు ఈ చర్చల్లో నేను వినని కారణం అది. ఐప్లేయర్ తొలి తెరను కూడా ఆఫ్‌కామ్ పరిశీలించాలనీ, ఏ కార్యక్రమం ఎందరి ముందుకు వచ్చిందో బీబీసీ ప్రకటించాలనీ కొత్త చార్టర్‌లో రాయించుకోవచ్చని నా అభిప్రాయం. అది జరిగితే మీ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

కాని పునఃప్రసారాల మాటకు మీరు జవాబు చెప్పలేదు. పొద్దున వార్తా చానల్ నకలు, మధ్యాహ్నం పాతవి. 2022 నుంచి రెండేళ్లు లైసెన్సు రుసుమును 159 పౌండ్ల దగ్గర ఆపేసిన తరువాత డబ్బు తగ్గిందనీ, అందువల్లే పాతవి పెరిగాయనీ అంటారు. కారణం ఏదైనా, మీరు కాపాడమంటున్న వైవిధ్యం ఏటేటా కుంచించుకుపోతున్నది. లోపల ఖాళీ అవుతున్నదాన్ని పేరు కోసం నిలబెట్టడం దేనికి?

మిడ్‌లాండ్స్ తెలుగు

మాస్టారి ప్రశ్న సరైనదే, కాని దాని జవాబు మూసివేత కాదు. ఖాళీ అయిన వేళల్లో ఏమి పెట్టాలో ప్రజలు అడగాలి. దక్షిణాసియా కుటుంబాల చరిత్ర ఈ దేశంలో మూడు తరాలది. వార్తా చానల్ నకలుకు ఇచ్చే పొద్దుటి గంటల్లో ఒకటి, ఇక్కడి భాషలకూ ప్రాంతాలకూ ఇస్తే కొత్తగా ఖర్చయ్యేది పెద్ద మొత్తమేమీ కాదు. గుజరాతీ, పంజాబీ, బెంగాలీలతో పాటు తెలుగు కూడా అందులో ఉండాలని నేను రాతపూర్వకంగా అడగబోతున్నాను. ఈసారి వేళ మాత్రం ఆదివారం పొద్దున కాకూడదు.

ఇద్దరు పిల్లల తల్లి

నేను అడిగేది సాయంత్రం అరగంట. ఆరింటికి ముందు, పెద్దలూ పిల్లలూ కలిసి చూడదగిన ఒక కొత్త కార్యక్రమం, బీబీసీ టూలో. సీబీబీసీలో ఉన్నదాన్నే తెచ్చి ఇక్కడ కూడా చూపించినా నాకు సమ్మతమే.

థేమ్స్‌గట్టు

మాస్టారి చివరి ప్రశ్నకు సూటిగా జవాబు ఇస్తాను. పొద్దుటి నకలును నేను సమర్థించను. ఆ గంటలను మిడ్‌లాండ్స్ తెలుగు గారూ, పిల్లల తల్లి గారూ అడిగినట్లు ఇవ్వడమే ఉత్తమం. మధ్యాహ్నపు పాత కార్యక్రమాల విషయంలో రాత్రిడ్యూటీ గారు చెప్పిన కారణం నాకు చాలు. వాటిని తీయమనను.

నేను ఏ మాత్రం వదులుకోలేనిది సోమవారం రాత్రి తొమ్మిది గంటల స్థానం. మూడు క్విజ్‌లు పోగుచేసిన ప్రేక్షకుల ముందు ఆ గంటలో ప్రతి వారం కొత్తగా తీసిన, ఏ వాణిజ్య చానలూ డబ్బు పెట్టని డాక్యుమెంటరీ రావాలని కొత్త చార్టర్‌లో గాని, ఆఫ్‌కామ్ షరతుల్లో గాని రాయించడానికి నేను నా పార్లమెంటు సభ్యుడికి లేఖ రాస్తున్నాను. దాని ప్రతిని ఇక్కడ పెడతాను, దిద్దవలసినవి ఉంటే చెప్పండి. ఆ గంటలో కూడా పాతవే వేసే రోజు వస్తే, చానల్‌ను ఉంచమనడానికి నా దగ్గర ఉన్న ప్రధాన కారణం పోతుంది. అప్పుడు మాస్టారి పక్షాన నేనే మాట్లాడతాను.